రెండు సీట్లు

జూన్ 2, 2025, సోమవారం, గుంటూరు

జేఈఈ అడ్వాన్స్‌డ్ ఫలితాలు. మా కాలేజీ కూడా వేసవి సెలవుల తర్వాత ఇవాళే తెరిచారు. స్టాఫ్ రూములో ఉండగా బుజ్జి ఫోన్. "అమ్మా, వచ్చింది." అంతే. అంకె తర్వాత చెప్పింది. ఆ అంకె ఇక్కడ రాయను. సాయంత్రానికి వీధంతా అదే మాట, ఇందులో కూడా ఎందుకు.

ఇంటికొచ్చేసరికి నిద్రపోతోంది. ఫ్యాను కింద, చాప మీద, బోర్లా. రెండేళ్లుగా ఆ టైముకి దానికి క్లాసు. అత్తయ్య లేపబోతే ఆపాను.

జూన్ 3

జోసా కౌన్సెలింగ్ తెరిచారు. 23 ఐఐటీలు, 31 ఎన్ఐటీలు, ఇంకా చాలా, అన్నీ ఒకే చోట. బెంగళూరు ఐఐఎస్సీ అందులో లేదు. దాని దారి దానిదే. ర్యాంకు అడ్వాన్స్‌డ్‌దే తీసుకుంటారు, అప్లికేషన్ మాత్రం విడిగా పెట్టుకోవాలి. బుజ్జి ఎప్పుడో పెట్టుకుంది. అప్పుడు మా ఆయన "వేస్తే వెయ్యనీ" అన్నారు.

పొద్దున్నుంచీ ఫోన్లు. అందరిదీ ఒకటే ప్రశ్న, "ఏ బ్రాంచి?" పాలబ్బాయి ఒక్కడే వేరే మాటన్నాడు. "హాస్టల్ నుంచి వచ్చినప్పుడు పాప పుల్లలా ఉందండీ. ఇప్పుడు నయం."

జూన్ 4

రాత్రి టీవీ. బెంగళూరులో చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాట. 11 మంది పోయారు. ఎక్కువమంది కుర్రవాళ్లే.

అత్తయ్య: "ఆ ఊరు మనకొద్దు."

బుజ్జి: "నేను క్రికెట్ చూడను కదా నానమ్మా."

"నువ్వు చూడవు. తోసేవాళ్లు చూస్తారు."

జూన్ 6

ఆయన తన ఆఫీసు డైరీ వెనక పేజీలో నిలువుగా గీత కొట్టారు. ఎడమవైపు మద్రాసు ఐఐటీ, కుడివైపు ఐఐఎస్సీ. మద్రాసు: ట్యూషన్ ఏడాదికి 2 లక్షలు, నాలుగేళ్లకి 8. హాస్టలు, మెస్సు వేరే. బెంగళూరు బీఎస్: ట్యూషన్ 10,000 లోపే.

"నెలకా?"

"ఏడాదికి నాన్నా."

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

అత్తయ్య: "అంత చవగ్గా ఇస్తున్నారంటే అందులో ఏదో ఉండాలి."

ఐఐఎస్సీలో మ్యాథ్స్ అండ్ కంప్యూటింగ్ బీటెక్ కూడా ఉంది. 2022లో పెట్టారు. దాని ఫీజు ఐఐటీలంతే. బుజ్జి అది కోరుకుని ఉంటే ఈ డైరీలో గీత కొట్టే పనే ఉండేది కాదు. అది కోరింది ఫిజిక్స్.

ఐఐఎస్సీ 1909ది. ఇంటర్ అయిన పిల్లల్ని బీఎస్‌లోకి తీసుకోవడం 2011లో మొదలైంది. మా తరానికి అది పీహెచ్‌డీలు చేసే చోటు. గుంటూరులో చాలామందికి ఇప్పటికీ అంతే. నిన్న మా కొలీగ్ ఒకరు అడిగారు, "డిగ్రీ కాకుండా అక్కడికెలా వెళ్తుంది?" అని.

జూన్ 7, శనివారం

ఈదురుగాలి. కరెంటు పోయింది. ఆయన సబ్‌స్టేషన్‌కి బయల్దేరారు. బుజ్జి "నేనూ వస్తా" అంది. ఎప్పుడూ అడగలేదు. చీకట్లో స్కూటర్ మీద ఇద్దరూ వెళ్లారు.

పదకొండింటికి వచ్చారు. అది కాళ్లు కడుక్కుంటూ చెప్పింది. ట్రాన్స్‌ఫార్మర్ మోత విన్నదట. నాన్న కంచె దాటనివ్వలేదట. "కరెంటు 50 సైకిల్స్ కదా, మోత 100 అంటున్నారేంటి" అని అడిగితే, "ఇనప కోర్ ఒక సైకిల్లో రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది, అందుకని" అన్నారట. మోత మారితే పడుకున్న మనిషి కూడా లేస్తాడట. మీటరు చూసేలోపే చెవికి తెలుస్తుందట.

ఇన్నేళ్ల కాపురంలో ఈ మాట ఆయన నోట నేను వినలేదు. నేను ఫిజిక్స్ లెక్చరర్‌ని, ఆయన పాలిటెక్నిక్ నుంచి వచ్చిన మనిషి. ఇంట్లో మా మాటలన్నీ కూరగాయలు, కిస్తీలు. ఎలక్ట్రికల్ అంటే ఆయనకి ఉద్యోగం ఒక్కటే కాదు. పిల్ల ఎలక్ట్రికల్ తీసుకుంటే తనకి తెలిసిన ఊరికి వెళ్తున్నట్టు ఉంటుంది ఆయనకి.

జూన్ 8

స్టాఫ్‌లో పెద్దాయన ఫోన్ చేశారు. వాళ్ల రోజుల్లో ఐఐటీ అంటే నల్లకుంట అట. చుక్కా రామయ్య గారి కోచింగ్ క్లాసు. అందులో చేరడానికే ఒక ఎంట్రెన్స్. ఇప్పుడు మన రాష్ట్రాల్లో ఆరో తరగతి నుంచే "ఐఐటీ ఫౌండేషన్" బోర్డులు. పెద్దాయన అడిగింది ఒక్కటే, "పిల్లకి లెక్క మీద ఇంకా ఇష్టం ఉందా, చచ్చిపోయిందా?"

ఉంది. చెప్పాను.

జూన్ 10, మంగళవారం

మా ల్యాబుకి తీసుకెళ్లాను. అటెండర్ బీరువా తాళాలిచ్చి టీకి వెళ్లాడు.

సింపుల్ పెండ్యులం. స్టాండు, రెండు ముక్కల బెండు, దారం, ఇత్తడి గుండు, స్టాప్‌వాచీ. ఇంటర్ ఎంపీసీ చదివిన ప్రతి పిల్లా రికార్డులో రాసే ప్రయోగం. బుజ్జి కూడా రాసింది. చెయ్యలేదు. రీడింగులు బోర్డు మీద వేస్తే దింపుకున్నారట.

దారం ముడి వెయ్యడం రాలేదు. గుండు జారి బల్లల కిందికి దొర్లింది. పాకుతూ వెళ్లి తెచ్చుకుంది. మీటరు స్కేలు పెట్టి, బెండు కింది అంచు నుంచి గుండు పై అంచు దాకా 100 సెంటీమీటర్లు సరిచేసింది. 20 ఊపులు లెక్కపెట్టింది. 40.3 సెకన్లు. లెక్క కడితే g విలువ 972.

"తప్పొచ్చింది," అంది. దాని రికార్డులో 980 ఉంది. ప్రతి రికార్డులోనూ 980 ఉంటుంది.

మామూలుగా నేను చెప్పేస్తాను. బ్యాచీకి ఉన్న టైము చాలదు, పిల్లలు ఎక్కువ. ఇవాళ నోరు కట్టుకుని కూర్చున్నాను. కష్టమే.

మళ్లీ ఊపింది. 40.3. గాలికేమోనని ఫ్యాను ఆపింది. 40.3. ఊపు తగ్గించింది. అదే. చెమటలు కారిపోతున్నాయి, ఫ్యాను వెయ్యనివ్వదు. చివరికి దారం విప్పేసి గుండుని వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చుంది. చాలాసేపు. ఎంతసేపో నేను గడియారం చూడలేదు. తర్వాత వెర్నియర్ అడిగింది. గుండు వ్యాసం సరిగ్గా 2 సెంటీమీటర్లు. సగం 1. పొడవు 100 కాదు, 101.

982.

"కొలవాల్సింది గుండు మధ్య దాకా కదా అమ్మా."

అటెండర్ వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తాళం వేసుకోవాలి. అది కాగితం మీద రెండూ రాసింది. 972, పక్కన కారణం. కింద 982. పైది కొట్టెయ్యలేదు.

రెండేళ్లలో వేల లెక్కలు చేసిన పిల్ల. ఒక లెక్కకి రెండు మూడు నిమిషాలు దాటితే వదిలేసి ముందుకెళ్లమని నేర్పారు. పరీక్షకి అదే సరైన పద్ధతి, తప్పు పట్టను. కానీ ఇవాళ అది గుండు తిప్పుతూ కూర్చున్నప్పటి మొహం నేను పదో తరగతి తర్వాత చూడలేదు.

జూన్ 11

రెండో మాక్ అలాట్‌మెంట్. మద్రాసు ఎలక్ట్రికల్ చూపిస్తోంది. ఆయన స్క్రీన్‌షాట్ తీసి దాచుకున్నారు. ఇవాళ ఏరువాక పున్నమి. అత్తయ్య పుట్టింట్లో ఎడ్లకి రంగులు వేసేవారట. బొబ్బట్లు చేశారు.

జూన్ 12, గురువారం

ఛాయిస్‌లు లాక్ చెయ్యడానికి సాయంత్రం ఐదు దాకా గడువు.

రెండు దాటాక టీవీలో అహ్మదాబాద్. విమానం మెడికల్ కాలేజీ హాస్టల్ మీద పడింది. మెస్సు చూపించారు. బల్లల మీద కంచాలు, వడ్డించినవి వడ్డించినట్టే. పొద్దున క్లాసులకెళ్లి భోజనానికొచ్చిన పిల్లలు.

ఆయన కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని ఉండిపోయారు. నాలుగున్నరకి బుజ్జే వచ్చి లాక్ చేసింది.

జూన్ 14

మొదటి రౌండు. మద్రాసు ఐఐటీ, ఎలక్ట్రికల్.

ఆయన వీధి చివరి దాకా నడిచి వెళ్లి వచ్చారు. ఏం కొనలేదు, ఎవరితో మాట్లాడలేదు. ఊరికే నడిచారు. ఆయన సంతోషం అలాగే ఉంటుంది.

సీటు అంగీకరించాం. ఫ్లోట్ పెట్టాం, అంటే ఇది ఉంచుకుని పైవాటికి లైన్లో ఉండటం. ఐఐఎస్సీ సంగతి తేలేదాకా చేతిలో ఇది ఉంటుంది.

జూన్ 15

ర్యాంకింగులు చూశాను. ఎన్ఐఆర్ఎఫ్ ఓవరాల్‌లో 2019 నుంచీ మద్రాసు ఐఐటీ మొదటిది. యూనివర్సిటీల జాబితాలో ఐఐఎస్సీ మొదటిది. ఓవరాల్‌లో అది రెండు. మూసేశాను.

జూన్ 17, మద్రాసు

తెల్లారకముందే లేచి తెనాలిలో పినాకిని ఎక్కాం. బుజ్జి, నేను. నెల్లూరు దాటాక దాన్ని లేపాను. సూళ్లూరుపేట. అటు తూర్పున శ్రీహరికోట. అంతరిక్ష కేంద్రానికి సతీష్ ధవన్ పేరు. ఆయన ఇస్రోకి ఛైర్మన్‌గా ఉంటూనే ఐఐఎస్సీకి డైరెక్టరు. నేనిది చెబుతుంటే అది అందుకుంది. పోయినేడాది మే 30న అక్కణ్ణించే అగ్నికుల్ వాళ్ల రాకెట్టు ఎగిరింది, ఇంజను మొత్తం త్రీడీ ప్రింటరులో చేశారు, ఆ కంపెనీ పుట్టింది మద్రాసు ఐఐటీలోనే అమ్మా, అంది.

రైలు రెండు నిమిషాలే ఆగింది. జీడిపప్పు అమ్మేవాడు మా కిటికీ దగ్గర చిల్లర వెతుక్కుంటూ రైలుతోపాటు పరిగెత్తాడు. ఇచ్చేశాడు.

రీసెర్చ్ పార్కులో పనిచేసే మా మరిది లోపలికి తీసుకెళ్లాడు. గేటు దాటగానే ఊరి చప్పుడు ఆగిపోయింది. మర్రిచెట్లు, ఊడలు రోడ్డు మీదికి. చుక్కల జింకలు మనుషుల్ని పట్టించుకోవు. ఒకటి బస్టాపులో నిలబడింది. హాస్టళ్లకి నదుల పేర్లు. గోదావరి, కృష్ణ, నర్మద, తపతి. ఆడపిల్లల్లో కొందరికి శరావతి. క్యాంపస్ బస్సులకి కొండల పేర్లు. గజేంద్ర సర్కిల్ దగ్గర రెండు ఏనుగులు. కృష్ణ హాస్టల్ బోర్డు ముందు బుజ్జి ఫోటో తీసుకుని నాన్నకి పంపింది.

మూడో ఏడు అబ్బాయి ఒకడు, నంద్యాల వైపు, ఎలక్ట్రికల్. అరగంట మాట్లాడాడు. సర్క్యూట్లు, సిగ్నల్స్, చిప్‌లు. ఇక్కడ తయారైన శక్తి ప్రాసెసర్ సంగతి చెప్పాడు. ఒక్క మాట కూడా గొప్పకి చెప్పలేదు. బుజ్జి ఫోను పక్కన పెట్టి విన్నది. "క్లాసు బయటే ఎక్కువ నేర్చుకుంటాం" అన్నాడు. రాత్రుళ్లు వర్క్‌షాపుల్లో రేసు కార్లూ డ్రోన్లూ చేసుకునే పిల్లల గురించి చెబుతుంటే వాడి చేతులు ఆగలేదు.

మద్రాసు వద్దనుకోవడానికి ఒక్క కారణం దొరకలేదు.

బయటికొచ్చాక సర్దార్ పటేల్ రోడ్డు మీద గిండీ ఇంజినీరింగ్ కాలేజీ చూపించాను. అయ్యలసోమయాజుల లలిత. మన తెలుగావిడ. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒళ్లో పసిబిడ్డ. తండ్రి ఆ కాలేజీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన కూతుర్ని ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. 1943లో పూర్తిచేసింది. దేశంలో మొదటి ఆడ ఇంజినీర్లలో ఒకరు. డిగ్రీ పట్టాలో అచ్చేసిన "అతడు" కొట్టేసి "ఆమె" అని చేత్తో రాయాల్సి వచ్చింది. తర్వాత భాక్రా నంగల్ కరెంటు లైన్ల పని కూడా చేసింది.

బుజ్జి అడిగింది, "ఆవిడ పాపని ఎవరు చూసుకున్నారు?"

చదువుకున్నన్నాళ్లూ పుట్టింటివాళ్లే చూసుకుని ఉంటారు. ఆ తండ్రి పేరు పప్పు సుబ్బారావు. ఇలాంటి తండ్రుల పేర్లు కూడా రాసిపెట్టుకోవాలి.

జూన్ 20

తమ్ముడు చికాగో నుంచి. "అక్కా, రెండూ ఒకటే. ఎమ్మెస్‌కి ఇక్కడికొచ్చాక అండర్‌గ్రాడ్ ఎవరూ అడగరు." ఆ "ఇక్కడికొచ్చాక" అన్నది వాడికి ఇంకా అంత తేలిక. మే చివర్లో స్టూడెంట్ వీసాలకి కొత్త ఇంటర్వ్యూలు ఆపేశారు. మొన్న మళ్లీ మొదలుపెట్టారు, సోషల్ మీడియా ఖాతాలన్నీ తెరిచి చూపించమంటున్నారు. వీధిలో ఒకరి అబ్బాయి సూట్‌కేసు సర్దుకుని కూర్చున్నాడు.

ఇక్కడి నాలుగేళ్లు దేనికో మెట్టు అని కాకుండా, ఆ నాలుగేళ్లు ఎలా గడుస్తాయని అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. పొద్దున లేచి ఎక్కడికెళ్తుంది, ఎవరితో మాట్లాడుతుంది, సాయంత్రం దేని గురించి ఆలోచిస్తుంది. నాకు అది కావాలి. మిగతావి ఎవరైనా చూసుకుంటారు.

జూన్ 21

రెండో రౌండు. మార్పు లేదు.

జూన్ 23

నాయుడమ్మ గారు పోయి ఇవాళ్టికి 40 ఏళ్లు. 1985, కనిష్క విమానం. తెనాలి దగ్గర యలవర్రు మనిషి. రైతుబిడ్డ. తోళ్ల సైన్సు ఎంచుకున్నాడు. ఆయన నడిపిన తోళ్ల పరిశోధన సంస్థ మద్రాసు ఐఐటీ దగ్గర్లోనే. మొన్న ఆటోలో దాటుతూ చూపిస్తే బుజ్జి "తోలు మీద కూడా సైన్సా?" అంది. చెప్పులు కుట్టేవాళ్ల బతుకు బాగుపడాలని ఆ పనిలోకి సైన్సుని తెచ్చాడని చెప్పాను. ఆటో దిగేదాకా ఏం మాట్లాడలేదు. దిగాక "ఆయన బ్రాంచి ఏంటి?" అంది. ఇద్దరం నవ్వుకున్నాం.

జూన్ 24

ఐఐఎస్సీ మెయిల్ వచ్చేసిందట. వచ్చి కొన్నాళ్లయింది. ఇవాళ చెప్పింది, అదీ వంటింట్లో, నేను పోపు పెడుతుండగా.

"ఎందుకు చెప్పలేదే?"

"నాన్న కృష్ణ హాస్టల్ ఫోటో వాట్సాప్ డీపీ పెట్టుకున్నారమ్మా."

ఆవాలు మాడాయి. మళ్లీ వేశాను.

జూన్ 25, అమావాస్య

ఆయనకి చెప్పింది. నన్ను పక్కన ఉండమంది, మాట్లాడొద్దంది. ఆయన విన్నారు. "జీతం ఎంతొస్తుంది, చదివాక?" అని అడిగారు. "చదివాక ఇంకా చదవాలి నాన్నా." "ఎన్నాళ్లు?" అది వేళ్లు మడిచి లెక్కపెట్టింది. బీఎస్ నాలుగు, తర్వాత పీహెచ్‌డీ అయిదో ఆరో. ఆయన తన రిటైర్మెంటు ఏడాది లెక్కపెట్టుకున్నట్టున్నారు. పైకి అనలేదు.

డీపీ మార్చలేదు. అది గమనించాను.

జూన్ 26

ఆషాఢం. అత్తయ్య: "మంచి పని ఏదీ ఈ నెల మొదలుపెట్టకూడదు. ఏదో ఒకటి నిన్నే తేల్చాల్సింది." బుజ్జి: "క్లాసులు శ్రావణంలో నానమ్మా." అది నిజమో కాదో నాకు తెలీదు. అత్తయ్య మాత్రం తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు.

జూన్ 28, బెంగళూరు

ఈసారి ముగ్గురం. ఆయన సెలవు పెట్టారు. గుంటూరులో కొండవీడు ఎక్స్‌ప్రెస్. పొద్దున యశ్వంతపురంలో దిగాం. ఆటో అతనికి ఐఐఎస్సీ అంటే ఒక క్షణం ఆలోచించాడు. టాటా ఇన్‌స్టిట్యూట్ అనగానే "కూర్చోండి" అన్నాడు, తెలుగులో. హిందూపురం వాడట.

చలి గాలి. చున్నీ కప్పుకున్నాను. ఇక్కడ రోడ్లకి చెట్ల పేర్లు. గుల్‌మొహర్ మార్గ్, మహాగని మార్గ్, సిల్వర్ ఓక్ మార్గ్. అక్కడ నదులు, కొండలు. ఇక్కడ చెట్లు. మెయిన్ బిల్డింగ్ రాతిది, మధ్యలో గోపురం. ముందు జంషెడ్జీ టాటా విగ్రహం. 1904లోనే పోయాడు. ఇది కళ్లతో చూడలేదు. మైసూరు రాజులు 371 ఎకరాలిచ్చారు. మా ఆయన విగ్రహం చుట్టూ ఒకసారి నడిచి, "ఆ రోజుల్లో ఇక్కడ కరెంటు ఎక్కడిది?" అని అడిగారు. శివనసముద్రం నుంచి. కోలారు గనులకి 1902లో, బెంగళూరుకి 1905లో. ఇది ఆయనే అడిగి ఆయనే చెప్పారు. బుజ్జి నా వైపు చూసింది.

ఫిజిక్స్ బిల్డింగ్ బయట మెట్ల మీద ఒక అబ్బాయి. శ్రీకాకుళం జిల్లా. బీఎస్ రెండో ఏడు అయింది, సెలవులకి ఇంటికి వెళ్లకుండా ఒక ల్యాబులో పనిచేస్తున్నాడు. ఇక్కడ ఫిజిక్స్ కోసం వచ్చినా మొదట అందరూ బయాలజీ కూడా చదవాలి, కెమిస్ట్రీ, లెక్కలు కూడా. ఏ సబ్జెక్టు మేజరో తర్వాత. నాలుగో ఏడు పరిశోధన. పదో తరగతిలో వదిలేసిన బయాలజీ చూసి మొదటి నెల ఏడ్చానన్నాడు, ఏమాత్రం సిగ్గుపడకుండా. ఇప్పుడు వాడు చేస్తున్నది కణాల పొరల మీద. ఫిజిక్సే.

నేను ఉండబట్టలేక అడిగాను. "ల్యాబులో విలువ ఎంత రావాలో ముందే చెబుతారా బాబూ?"

"ఎంత వస్తే అంత రాస్తాం ఆంటీ. ఎందుకలా వచ్చిందో కూడా రాయాలి. మార్కులు దానికే."

బుజ్జి మాట్లాడలేదు. బ్యాగులో చెయ్యిపెట్టి ఏదో తడుముకుంది.

ఆయన ఆ అబ్బాయిని అడిగారు, "ఇంట్లో ఏమన్నారు?"

"నాన్న ఏడాది మాట్లాడలేదండీ. ఇప్పుడు ఊళ్లో అందరికీ కణం గురించి చెబుతున్నాడు. తప్పే చెబుతున్నాడు."

ఆయన గట్టిగా నవ్వారు. ఈ నెలలో మొదటిసారి.

రాత్రి లాడ్జిలో

కమలా సోహోనీ సంగతి బుజ్జికి చెప్పాను. అప్పటికి కమలా భాగవత్. బొంబాయి యూనివర్సిటీలో బీఎస్సీ ఫస్టు. 1933లో ఐఐఎస్సీకి వస్తే డైరెక్టరు సి.వి.రామన్ ఆడపిల్ల అని చేర్చుకోనన్నారు. ఆమె ఆయన ఆఫీసు ముందు కూర్చుంది. కదల్లేదు. చివరికి ఏడాది పాటు పరీక్షగా చూస్తామని, మగపిల్లల ధ్యాస చెడగొట్టకూడదని షరతులు పెట్టి చేర్చుకున్నారు. ఆమె పని చూశాక ఆడవాళ్లని తీసుకోవడం మొదలుపెట్టారు. ఆమె కేంబ్రిడ్జ్‌లో డాక్టరేట్ చేసింది, 1939లో. ఆ షరతులు ఆమె ముసలితనంలో కూడా మరిచిపోలేదు. మరిచిపోకూడదు కూడా. నేను క్లాసులో రామన్ ఎఫెక్ట్ చెప్పిన ప్రతి ఏడూ ఈ సంగతి కూడా చెబుతాను. మగపిల్లలు తల దించుకుంటారు, వాళ్లు చేసిందేమీ లేకపోయినా.

బుజ్జి: "రెండు ఊళ్లలోనూ ఎవరో ఒకావిడ ముందే వెళ్లి ఉంది."

జూన్ 30

బోటనీ మేడమ్ ఫస్టియర్, సెకండియర్ బోటనీ, జువాలజీ పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నేను అడగలేదు. ఈ ఏడాది నుంచి మన ఇంటర్‌లో లెక్కలతోపాటు బయాలజీ కూడా చదవొచ్చు, ఎంబైపీసీ. "రెండేళ్లు ముందొస్తే మీ అమ్మాయి అదే తీసుకునేదండీ," అన్నారావిడ. ఏమో. రెండేళ్ల క్రితం నేనైనా ఒప్పుకునేదాన్నా అన్నది వేరే సంగతి.

జూలై 1

నా మాట అడిగింది. ఇన్నాళ్లూ అడగలేదు.

చెప్పాను. మద్రాసుకి వెళ్తే బాగా చదువుతావు, మంచి ఇంజినీరువి అవుతావు, నాన్నకి నీ మాట అర్థమవుతుంది. అది చిన్న విషయం కాదు. బెంగళూరుకి వెళ్తే చాలాకాలం మాకెవరికీ నువ్వేం చేస్తున్నావో చెప్పలేవు. జీతం ఆలస్యం. ల్యాబులో నెలల తరబడి ఏమీ రాకపోవచ్చు. ఏమీ రాని రోజుల్లో నువ్వు ఎలా ఉంటావో నీకే తెలియాలి. మా ల్యాబులో ఫ్యాను ఆపేసి కూర్చున్నప్పుడు ఎలా ఉంది?

"ఆకలి వెయ్యలేదు," అంది.

ఆ రోజు మధ్యాహ్నం అది అన్నం తినలేదని అప్పుడు గుర్తొచ్చింది.

జూలై 2

ఆయన డైరీ పేజీలో కుడివైపు కింద ఇంకో వరుస చేరింది. ఆయన రాతే. "100 సైకిల్స్ ఎందుకు అని అడిగింది." పక్కన అంకె లేదు. రూపాయల గడిలో రాశారు.

నేను చూసినట్టు చెప్పలేదు.

జూలై 4

నాలుగో రౌండు వచ్చింది. సీటు వదులుకోవాలంటే అయిదో రౌండు లోపలే. ఆఖరి రౌండుదాకా ఉంచుకుని వదిలేస్తే ఆ సీటు ఎవరికీ కాకుండా పోవచ్చు. ఆయన ఈ రూలు మూడుసార్లు చదివించుకున్నారు. "ఎక్కడో ఒక పిల్ల మెకానికల్ పెట్టుకుని ఎలక్ట్రికల్ కోసం ఫ్లోట్‌లో కూర్చుని ఉంటుంది. ఉంచుకుంటే వెంటనే ఉంచుకో, వదిలితే వెంటనే వదులు. సాగదియ్యకు." ఇన్ని రోజుల్లో ఆయన దానికి చెప్పిన ఒకే ఒక్క సలహా.

జూలై 6, ఆదివారం

తొలి ఏకాదశి. అత్తయ్య ఉపవాసం, మాకు పేలపిండి.

పదింటికి బుజ్జి కంప్యూటర్ ముందు కూర్చుంది. విత్‌డ్రా. కారణం అడిగే గడి ఉంది. ఎందుకు వదులుకుంటున్నారు. చాలాసేపు చూసి, "ఇంకో చోట చేరుతున్నాను" అని పెట్టింది. నొక్కింది. మెసేజ్ ఆయన ఫోనుకి వచ్చింది, నంబరు ఆయనదే ఇచ్చాం కనక. ఆయన పైకి చదివారు, ఇంగ్లీషులో, ప్రతి మాటా విడివిడిగా.

తర్వాత అడిగారు. "అక్కడ ఎలక్ట్రిసిటీ చెబుతారా?"

"చెబుతారు నాన్నా. రెండో సెమిస్టర్లోనో ఎప్పుడో."

"చెప్పినప్పుడు ఫోన్ చెయ్."

మధ్యాహ్నం కావాల్సిన కాగితాలు రాసుకున్నాం. టీసీ, మార్కుల మెమో, కుల ధ్రువీకరణ, మెడికల్, ఫోటోలు. టీసీ కాలేజీలోనే ఉంది, రేపు వెళ్లి తేవాలి. కొండవీడుకి బుజ్జితో కలిపి మూడు బెర్తులు, వెయిటింగ్ లిస్టు. అత్తయ్య నాలుగో బెర్తు కూడా చెయ్యమన్నారు. క్రికెట్ స్టేడియం ఆ కాలేజీకి ఎంత దూరమో తనే చూస్తారట.